చప్పుడు లేని తిట్లు

నళిని తాయీ గుమ్మంలో చెప్పులు విడిచిందో లేదో, సరూబాయి వాటిని కాలితో వీధిలోకి నెట్టింది.

"మళ్ళీ వచ్చావూ? మా ఇంట్లో చెవిటివాళ్ళు లేరని పోయిన గురువారమే చెప్పానుగా!"

"చెప్పారు ఆజీ." ఆమె చెప్పులు తెచ్చుకుని పక్కగా పెట్టుకుంది. "మీ మనవరాలు దూర్వాకి వచ్చే నెలతో మూడేళ్ళు నిండుతాయి. ఇప్పుడు చెవి మిషన్లు పెడితే మాట వస్తుంది. ఆలస్యమైన కొద్దీ కష్టం."

"దాని నాన్నకి నాలుగేళ్ళకి గానీ నోరు పెగల్లేదు. ఇప్పుడు వాడు మీటింగుల్లో మైకు వదలడు. పోవమ్మా, పో."

పిల్లల వినికిడి కేంద్రం నుంచి వచ్చే ఆమెను వీధిలో అందరూ అక్కా అన్నట్టు తాయీ అనేవారు. నాయనమ్మా అన్నట్టు ఆమె 'ఆజీ' అని పిలిచినా, సరూబాయి మాత్రం 'ఏయ్' అనేది.

ఇచల్‌కరంజిలో ఆ వీధి వీధంతా మరమగ్గాలే. సరూబాయి ఇంట్లో ముందు సగం షెడ్డు. నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ధడధడా కొడుతుంటే అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు కదుపుతారు, ఎదుటివాళ్ళు చూసి తెలుసుకుంటారు.

దూర్వా కూడా అంతే. షెడ్డు ఈ చివర నుంచి 'నీళ్ళు తే' అని పెదాలు కదిపితే చాలు, ఆ చివర నుంచి చెంబుతో వచ్చేది.

అలాంటి పిల్లకి చెవుడట!

సరూబాయి సాంచా దగ్గరున్న కోడలు ఉజ్వల వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదాలు కదిపింది. "వచ్చింది గద్ద. మిషన్లు అంటగట్టే బేరం."

ఉజ్వల నవ్వు ఆపుకోలేక నూలు కండె మార్చే నెపంతో తల వంచుకుంది.

తాయీ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

"ఎలా గుడ్లప్పగించి చూస్తోందో! నా మనవరాలికి చెవులు లేవంటావా? నీ చెవులే పోనూ!" సరూబాయి పెదాలు ఇంకా వేగంగా కదిలాయి.

ఎందుకో తాయీ నవ్వింది.

'మతి లేని మనిషి' అనుకుని సరూబాయి తలుపు వేసేసింది.

తర్వాతి గురువారం తాయీ మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. ఒకసారి గిన్నెలు కడిగిన నీళ్ళు చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి. పిండుకుని, అదే మాట చెప్పి వెళ్ళింది.

చివరికి పక్కింటావిడ అడగనే అడిగింది. "మీ దూర్వాకి చెవుడంట కదా ఆజీ?"

సరూబాయికి ఒళ్ళు మండిపోయింది. ఆ గురువారం తానే వీధిలోకి ఎదురెళ్ళింది.

"ఏయ్, రా! ఇవాళ తేలిపోవాలి. ఉజ్వలా, సాంచాలు ఆపు!"

షెడ్డు ఒక్కసారిగా మూగబోయింది.

తాయీ దూర్వాను మంచం మీద కూర్చోబెట్టింది. "నేల మీదైతే అదురు తెలుస్తుంది ఆజీ. మీరు వెనక నిలబడి పళ్ళెం కొట్టండి."

"ఏం, నువ్వు కొడితే చేతులు అరిగిపోతాయా?"

"నేను పిల్ల కళ్ళు చూడాలి."

సరూబాయి గరిటె తీసుకుని పళ్ళెం మీద ఠంగుమని కొట్టింది. రేకుల మీది కాకులు లేచిపోయాయి. ఉజ్వల చెవులు మూసుకుంది.

దూర్వా ఒళ్ళోని ఖాళీ కండెతో ఆడుకుంటోంది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ కొట్టింది. పళ్ళానికి సొట్ట పడింది.

ఉజ్వల పిల్ల ఎదుటికి వచ్చి, గొంతు లేకుండా 'దూర్వా' అని పెదాలు కదిపింది.

దూర్వా నవ్వుతూ చేతులు చాచింది.

ఉజ్వల అక్కడే కూలబడి ఏడ్చింది. గరిటె సరూబాయి చేతిలోనే ఉండిపోయింది.

తాయీ 'చూశారా' అనలేదు. కాగితం రాసి మంచం మీద పెట్టింది. "సోమవారం పొద్దున్నే కేంద్రానికి తీసుకురండి." లేచి నడిచింది.

సరూబాయి ఆమె వెనకే కదిలింది. గుమ్మం దాకా వచ్చి, మొట్టమొదటిసారి ఆ మాట అంది.

"తాయీ!"

ఆమె తిరిగి చూడలేదు.

"తాయీ! ఓ తాయీ!"

సందు మలుపు తిరిగిపోయింది.

'అబ్బో, ఎంత పొగరు!' సరూబాయి గరిటె విసిరికొట్టింది.

దూర్వాకి రెండు చెవులకీ మిషన్లు వచ్చాయి. పిల్ల వాటిని పీకి పారేసేది. ప్రతి గురువారం తాయీ వచ్చి మళ్ళీ పెట్టేది, తడి తగలకుండా దాచడం నేర్పేది.

"పిల్లతో పెదాలు కదిపి ఊరుకోవద్దు ఆజీ. గొంతెత్తి మాట్లాడండి."

"మాకు మాట్లాడడం నేర్పడానికొచ్చింది మహాతల్లి!" అని సరూబాయి ఉజ్వలతో పెదాలతోనే అనేది. పాత కోపం పోలేదు.

తాయీ మిషను తుడుస్తూ ఉండేది.

శ్రావణంలో ఒక పొద్దున సరూబాయి పొయ్యి ముందు కూర్చుని జొన్నపిండి భాకరీ కాలుస్తోంది. వెనక నుంచి సన్నగా వినిపించింది.

"ఆ... జీ."

భాకరీ మాడిపోయింది.

ఆ మధ్యాహ్నమే బొబ్బట్లలాంటి పూరణ్ పోళీలు నాలుగు చేసి, గుడ్డలో మూటకట్టుకుని సరూబాయి కేంద్రానికి వెళ్ళింది. దారి పొడుగునా మనసులో ఒకే మాట అనుకుంటూ వెళ్ళింది.

తాయీ కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి ఉంది.

"నళిని తాయీ పోయిన వారమే గడ్చిరోలి వెళ్ళిపోయారు ఆజీ. అక్కడ ఈ పని చేసేవాళ్ళు లేరని అడిగి మరీ వెళ్ళారు."

"అంత దూరమా!" సరూబాయి మూట బల్ల మీద పెట్టింది. "అయితే ఫోను కలుపమ్మా. పెదాలతో చాలా అన్నాను. ఈ ఒక్క మాటైనా గొంతుతో చెప్పాలి."

అమ్మాయి ఫోను తీయలేదు. ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"ఫోనులో ఎలా ఆజీ? తాయీకి ఏడేళ్ళప్పుడే జ్వరం వచ్చి చెవులు పూర్తిగా పోయాయి. మీ మాటలన్నీ మీ పెదాలు చూసే కదా ఆమె వినేది."