విదూరి కోసం ఒక సంతకం

మా ఆయన దర్సోనో కోర్టు కాగితం నా ముందు పెట్టాడు. ఇండోనేషియాలో, మా సెమరాంగ్‌లో, మగాడు రెండో పెళ్లి చేసుకోవాలంటే మొదటి భార్య రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

"ఫోన్లో తప్ప ఎప్పుడూ చూడనిదాని కోసమా?"

"విదూరిని ఏమీ అనకు. నీలా ఎదురు మాట్లాడదు. అమ్మకి చెప్పేశా, పందిరికి కూడా చెప్పేశా."

సంతకం పెట్టేశాను. "తెచ్చుకోవయ్యా. పెళ్లికి పసుపన్నం నేనే వండుతా."

ఆ సంబరం పట్టలేక అక్కడే నిలబడి ఫోన్లో టకటకా కొట్టాడు. నా బొడ్లో దోపుకున్న రెండో ఫోను గుర్రుమంది.

"ఏంటే అది?"

తీసి పైకే చదివాను: "అది ఒప్పేసుకుంది. నువ్వు తిన్నావా, బంగారం?"

దర్జీ షాపు పిల్లతో తిరిగినందుకు ఇతన్ని ఒక్క వారం ఏడిపిద్దామని ఈ ఫోన్లో విదూరిని పుట్టించాను. అది పెళ్లి పందిరి దాకా నడుస్తుందనుకోలేదు. పదకొండేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా తిన్నావా అని అడగని మనిషి నన్ను ఇలా అడుగుతాడని కూడా అనుకోలేదు.

ఇక దాచేదేముంది? అతను చూస్తుండగానే జవాబు కొట్టాను: "ఇంకా లేదు. నీ వంటింట్లోనే ఉన్నా."

అతని చేతిలో ఫోను మోగింది.