మస్కట్ కోచ్ గారు

జిల్లా కప్పు ఫైనల్లో విరామం ఈల మోగేసరికి కొత్తపేట జట్టు ఒక గోలు ముందుంది. అమలాపురం మైదానం అంచున కూలబడిన పదకొండు మంది ఆడపిల్లలూ ముత్యాలరాజు ముఖంలోకి చూశారు.

"ఇప్పుడేం చేద్దామండీ, కోచ్ గారూ?" అంది కెప్టెన్ దివ్య.

ఆ పిలుపు విన్నప్పుడల్లా ముత్యాలరాజుకి మనసు చివుక్కుమంటుంది. పిల్లలకి నేర్పడం మొదలుపెట్టి మూడు నెలలైనా అలవాటు కాలేదు. ఎందుకంటే అతను కోచ్ కాడు. మస్కట్‌లో ఓ ఫుట్‌బాల్ క్లబ్బులో పదకొండేళ్లు పనిచేసిన మాట నిజమే. అయితే అక్కడ అతని పని గడ్డి కోయడం, దానికి నీళ్లు పెట్టడం, ఆట ముందు తెల్ల గీతలు గీయడం.

వెళ్లిన రెండో ఏడు చలికాలంలో క్లబ్బువాళ్లు పాత జాకెట్లు పనివాళ్లకి పంచారు. అతని వంతుకి వచ్చినదాని మీద కోచ్ అని ఇంగ్లీషులో రాసి ఉంది. అది తొడుక్కుని ఫోటో దిగి భార్య సత్యవతికి పంపాడు. ఆవిడ ఇరుగుపొరుగుకి చూపించింది. వారం తిరిగేసరికి రాజోలు అవతల, గోదావరి పాయల నడుమనున్న వాళ్ల లంక ఊళ్లో అతను మస్కట్ కోచ్ గారైపోయాడు. కాదని ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. సెలవులకి వచ్చినప్పుడు పదిమందీ ఎదురొచ్చి నమస్కారం పెడుతుంటే అసలే రాలేదు.

కాంట్రాక్టు ముగిసి పూర్తిగా ఊరికి వచ్చేసిన వారానికే హైస్కూలు హెడ్మిస్ట్రెస్ ప్రసన్నకుమారి గారు ఇంటికి వచ్చారు. ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడతామని సరదా పడుతున్నారని, నేర్పేవారే లేరని చెప్పారు.

"అన్నేళ్లపాటు రోజూ ఆ ఆట చూసినవారు ఈ చుట్టుపక్కల మీరు కాక ఇంకెవరున్నారండీ?" అన్నారు.

సర్టిఫికెట్ల ఊసు ఎత్తలేదు. ఏదో వంక చెప్పి తప్పించుకుందామని అతను గొంతు సవరించుకునే లోపే, కాఫీ తెచ్చిన సత్యవతి తనే బదులు చెప్పేసింది. "ఆయ్, వస్తారండీ."

ఇక తప్పలేదు. పదకొండేళ్లు గీత అవతల నిలబడి చూసినదంతా ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు వరసగా పేర్చి వాటి మధ్యనుంచి బంతి నడిపించాడు. పాసు ఇచ్చిన పిల్ల నిలబడిపోకుండా మళ్లీ ఎటు కదలాలో చూపించాడు. పిల్లలు చకచకా అందుకుంటుంటే సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఓ సాయంత్రం దివ్య తండ్రి సోమేశ్వరరావు వచ్చి, ఆ ఎడారి ఇసకలో అంత పచ్చటి గడ్డి ఎలా పెంచుతారని అడిగాడు. ముత్యాలరాజు ఉత్సాహంగా మొదలుపెట్టి, విత్తనం దగ్గర్నుంచి నీళ్ల వేళల దాకా వచ్చాక ఉలిక్కిపడి ఆగాడు. పనివాళ్లు చేస్తుంటే చూసేవాణ్ణని సర్దుకున్నాడు. సోమేశ్వరరావు చిన్నగా నవ్వి తలూపాడు. నిజం చెబుదామని భార్య దగ్గర రెండుసార్లు నోరు తెరిచాడు. పిల్లలు ఎదురుచూస్తుంటారు, పెందరాళే వెళ్లండంటూ ఆవిడ రెండుసార్లూ మాట మార్చేసింది.

ఇప్పుడు పిల్లలు తన మాట కోసం చూస్తున్నారు. ఏం తోచక, అలవాటు కొద్దీ గడ్డి వైపు చూశాడు. ఆట ఎక్కడ నడిచిందో గడ్డే చెబుతుంది. మైదానం మధ్యంతా నలిగి మట్టి తేలింది. ఇంతసేపూ కొత్తపేట వాళ్లు కాచిన కొసన, వాళ్ల గోలుకి ఎడమ పక్క మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే నిగనిగలాడుతోంది. అటు కాయాల్సిన పిల్ల ప్రతిసారీ మధ్యలోకి వచ్చేస్తోందన్న మాట.

"దివ్యా, అటు గడ్డి చూడమ్మా. ఒక్క అడుగూ పడలేదు. వైపులు మారినా వాళ్ల అలవాటు మారదు. బంతి మనకి దొరకగానే నువ్వు వాళ్ల ఎడమ పక్కకి పరుగెత్తు. మిగతావాళ్లంతా అటే తన్నండి" అన్నాడు.

పది నిమిషాలకి దివ్య మొదటి గోలు వేసింది. ఆట ముగియబోతుండగా అదే పక్కనుంచి వచ్చిన బంతితో రెండోది. కప్పు దివ్య జట్టుదైంది. పిల్లలు చుట్టూ మూగి గంతులేస్తుంటే, జిల్లా ఫుట్‌బాల్ సంఘం పెద్దాయన వచ్చి చెయ్యి కలిపి, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. "గీత అవతలండీ" అన్నాడు ముత్యాలరాజు. ఆయన అదేదో చమత్కారమనుకుని నవ్వాడు.

సోమవారం ప్రసన్నకుమారి గారు తన గదికి పిలిపించారు. కోచింగ్ లైసెన్సు శిక్షణకి జిల్లా సంఘం అతని పేరు అడిగిందట. అది పూర్తి చేస్తే ఇక్కడే కోచ్‌గా ఉండిపోవచ్చు, ఇష్టమైతే మళ్లీ ఆ మస్కట్‌కే కోచ్‌గా వెళ్లొచ్చు. ఆవిడ దరఖాస్తు ముందు పెట్టారు. పేరు, ఊరు రాశాక, ఇంతకుముందు చేసిన ఉద్యోగం అన్న చోట ముత్యాలరాజు కలం ఆగిపోయింది.

కోచ్ అని ఒక్క మాట రాస్తే చాలు, ఎవరూ అడగరు. కానీ మైదానంలో పిల్లలు గెలిచిన గెలుపులో అబద్ధం లేదు. దాని పక్కన తను అబద్ధం రాయలేడు. కలం కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"నేను కోచ్‌ని కాదండీ. అక్కడ గడ్డి కోసేవాణ్ణి. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పేనండీ. కానీ పిల్లలకి నేర్పిందంతా నిజంగా నాకు వచ్చిందేనండీ."

ఇప్పుడు పొమ్మన్నా తలెత్తుకునే పోగలననిపించింది.

ప్రసన్నకుమారి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మా తమ్ముడు మధుబాబు మస్కట్‌లో మీ క్లబ్బుకే మంచినీళ్ల వ్యాను తోలేవాడండీ" అన్నారు. "వాడు చెప్పగా, మీరు గడ్డి కోసేవారని ఊరందరికీ తెలుసండీ. తెలిసే మిమ్మల్ని కోచ్‌గా పిలిచేమండీ."