అడగని వంశం

“సారూ, మీ ఇంటిపేరేంది?”

నేల తుడుస్తూ అడిగాడు పర్శరాములు.

కౌశిక్ కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు.

“దుబాయ్ దాకా వచ్చినా కులం వాసన చూసుడు మానవా?”

“కులం కోసం గాదు సారూ. మీ మొకం చూస్తే ఎవలో యాదికొచ్చిండ్రు.”

“అందరూ ఇట్లనే మొదలువెడ్తరు. ఖలాస్. పని చూస్కో.”

“తప్పయింది సారూ.”

2007 నవంబరు. దుబాయ్ పాతబస్తీ డేరాలో, క్రీక్ అనే ఉప్పుకయ్య ఒడ్డున, మూడో అంతస్తులో ఆ ఆఫీసు. పొద్దుటి పొగమంచు కిటికీకి ఆనుకుని నిలబడి ఉంది. కింద పడవలు కనపడవు. వాటి మోటార్ల చప్పుడే పైకి వస్తుంది.

కౌశిక్‌ది వింత పని. అబుదాబి చమురు కంపెనీలో పెద్ద ఇంజనీరు ఒకాయన, అమెరికా దొర. ఆయనకు వంశవృక్షం గీసిపెట్టాలి. థార్న్‌బరీ వంశం. మూడు వందల ఏళ్ళ కిందట వర్జీనియాలో వేల ఎకరాలు ఏలిన ఇల్లు.

గోడనిండా కాగితం. పన్నెండు తరాల పేర్లు. అట్టడుగున, వేరు దగ్గర ఖాళీ.

మొదటి థామస్ థార్న్‌బరీ ఎవరి కొడుకో, ఏ ఓడలో వచ్చాడో దొరకడం లేదు.

ముదీర్, అంటే మేనేజరు, తెగేసి చెప్పాడు. “వేరు దొరికితే నీకు కంపెనీ వీసా. దొరక్కపోతే విజిట్ వీసా అయిపోయిన రోజు విమానం ఎక్కు.”

ఇంకా ఆరు రోజులు.

పర్శరాములు తుడుస్తున్నాడు. తుడుస్తూ ఏదో గొణుగుతున్నాడు. కర్ర ముందుకు పోతే ఒక పేరు, వెనక్కి వస్తే ఒక పేరు. “…రాజన్న కొడుకు ఆశన్న, ఆశన్న కొడుకు…” రోజూ అవే పేర్లు. మంచులో ఒకరు పిలుస్తుంటే ఇంకొకరు పలుకుతున్నట్టు. వింటూ ఉంటే కళ్ళు మూతపడతాయి.

“ఏందిది, పొద్దున్నే?”

“వంశం సారూ. మా తాతల కాడికెంచి మాది గదే పని. ఊరూరు దిరిగి కాపోళ్ళ ఇండ్లల్ల వాళ్ళ తాతముత్తాతల పేర్లు చెప్తం. పుస్తకం లేదు. అంత నోట్లనే.”

ఎవరి వంశమని అడుగుతాడేమోనని ఆగాడు పర్శరాములు.

కౌశిక్ నవ్వాడు. “అట్లయితే ఈ దొరది చెప్పు చూద్దాం.”

పర్శరాములు చేతులు అంగీకి తుడుచుకుని గోడ దగ్గరికొచ్చాడు. గుడికొచ్చినట్టు వచ్చాడు.

“ఏడేడ దేవులాడిన్రు?”

“భూములున్న దొరల పట్టీల్లో. ఓడల యజమానుల పట్టీల్లో.”

“కడుపు నిండినోడు ఊరిడిచి సముద్రం ఎందుకు దాటుతడు సారూ? పడవ దిగెటోడు ముందుగాల కూలోడే. దొర అయ్యేది తర్వాత. కూలోళ్ళ పట్టీ చూడున్రి.”

“నీకన్నీ తెలుసు మరి!”

వెక్కిరిస్తూనే వెతికాడు. మధ్యాహ్నానికి వెక్కిరింత ఆగిపోయింది.

బ్రిస్టల్ రేవు. 1657. థామస్ థార్న్‌బరీ, వయసు పదహారు. నాలుగేళ్ళ వెట్టికి బాండు. సంతకం లేదు, ఒక అడ్డగీత. అతన్ని అమెరికాలో దింపినందుకు, తీసుకెళ్ళిన దొరకు యాభై ఎకరాలు.

“మనిషిని దింపితే ఎకరాలిస్తరా!” పర్శరాములు బోసినోటితో నవ్వాడు. “మా ఏజెంటుకు ఎరుకలేదు గని, నన్నొక్కన్నే వంద సార్లు దింపుతుండె.”

వీసా వచ్చింది. కౌశిక్‌కి.

పర్శరాములుకి ఏ కాగితమూ లేదు. పాస్‌పోర్టు వీసా ఇప్పించిన యజమాని కఫీల్ చేతిలో వదిలేసి పారిపోయి వచ్చిన మనిషి. కాగితాల్లేనివాళ్ళకు సర్కారు ఇచ్చిన మాఫీ, ఆమ్నెస్టీ, ఆఖరి వారం. ఇప్పుడు పోతే జైలు లేదు, తర్వాత దొరికితే జైలే. పదకొండేళ్ళు నేల తుడిచినవాడికి ఈ దేశం ఇచ్చిన మర్యాద అది.

“పోతున్న సారూ. నన్నేమన్న అడిగేదున్నదా?”

“నాకేం లేదు. నీకేమన్న కావాల్నా?”

“నాకు గాదు సారూ. అడగని ఇంటికి వంశం చెప్పొద్దని మా కట్టుబాటు. గందుకు…”

కౌశిక్ ఫోన్ మోగింది. వెళ్ళిరమ్మని చెయ్యి ఊపాడు.

కాసేపటికి మంచు కొంచెం పలచబడి, కిటికీలోంచి చూస్తే పర్శరాములు రేవులో అబ్రా పడవ ఎక్కుతున్నాడు. మొదట కాళ్ళు మంచులో కలిసిపోయాయి. తర్వాత సంచి. తర్వాత తల.

ఫిబ్రవరిలో దొర వచ్చాడు. కూలీ పట్టీలోని ఆ అడ్డగీతను వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు. తీసెయ్యమంటాడేమోనని ముదీర్‌కి చెమటలు పట్టాయి.

తీసెయ్యమనలేదు. కౌశిక్ వైపు తిరిగి, “మరి మీది?” అన్నాడు.

కౌశిక్ తాత పేరు చెప్పాడు. ఆపైన పేరు తెలియదు.

ఆ పూటే ఊరికి ఫోన్ చేశాడు.

“బాపూ, తాత వాళ్ళ నాయన పేరేంది?”

“ఆశన్న.”

కౌశిక్ కలం అందుకున్నాడు.

“…రాజన్న కొడుకు ఆశన్నా?”

“అవ్, అట్లనే అంటరు. రాజన్న తండ్రెవలో నాకూ తెల్వది. మనింటి వంశం చెప్పేటాయనకే ఎరుక. పోయిన నెల కాలంజేసిండు. కొడుకులు నేర్వలే.”

కిటికీ అవతల మంచు. కనపడని పడవల చప్పుడు. రాజన్నకు ముందు… ముందు ఎవరు? కర్ర వెనక్కి వచ్చినప్పుడు ఏ పేరు?

“దుబాయ్‌ల ఉండి వచ్చిండు పర్శరాములు,” అంటున్నాడు తండ్రి. “పంట ఇంటికి రాంగనే పిలిచి చెప్పిచ్చుకుందమనుకున్న. గదే అంటే నవ్విండు. ‘రంది వెట్టుకోకు పటేలా, మీ ఏడు తరాలు రోజు పొద్దుగాల మీ కొడుకు చెవుల ఏసిన’ అన్నడు. రాసుకున్నవా కొడుకా?”