జల్లెడ

"ఒప్పుకోను" అని వచ్చింది ఫోన్లో. ముందూ వెనకా ఇంకేమీ లేదు.

సర్వేయరు ఫోన్ని సోఫా మీద పడేశాడు. "ఈ జల్లెడతో వేగడం నా వల్ల కాదు. పొద్దుటినుంచీ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కనిపెడితే, ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు."

"ఎవరు?" అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

"ఎవరో ఎవరికి తెలుసు? రిటైరైన కల్నల్ అయ్యుంటాడు. ఇంత మీసమూ, అంత పొగరూ."

ఎక్కడో దూరదేశంలో యుద్ధం జరుగుతోంది. అక్కడ గుండ్ల దెబ్బతిన్న ప్రసూతి ఆసుపత్రిని వేరే భవనంలోకి మార్చారు. ఏ భవనమో బయటివాళ్ళకి తెలియదు, ఫోన్లు కలవడం లేదు. అదెక్కడో తేలిస్తే ఒక సహాయ సంస్థ రెండు సైన్యాలకీ కబురు పంపుతుంది, ఇక్కడ బాలింతలున్నారు, ఇటు గురిపెట్టకండి అని. ఈ వారం జాబితా సాయంత్రం అయిదింటికి వెళ్ళిపోతుంది. దొరికిన ఆధారమల్లా ఒక నర్సు నెట్‌లో పెట్టిన నలభై సెకన్ల వీడియో.

ఇలాంటివి తేల్చడానికి కొందరు ఔత్సాహికులున్నారు. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, నెట్‌లో అందరికీ కనబడే ఫొటోలూ, వీడియోలూ, ఉపగ్రహ చిత్రాలూ పక్కపక్కన పెట్టి చోటు కనిపెడతారు. భద్రత కోసం అసలు పేర్లు చెప్పుకోకూడదు. సర్వేయరు తనకి తనే 'గద్ద' అని పేరు పెట్టుకున్నాడు. గద్ద పట్టుకొచ్చిందల్లా సరిచూసే మనిషి పేరు జల్లెడ. జల్లెడ సరేనంటే తప్ప ఏదీ జాబితా ఎక్కదు.

"ఎందుకు ఒప్పుకోరో చెప్పండి. నేను వృత్తిరీత్యా సర్వేయర్ని" అని ఫోన్లో కొట్టాడు. కొడుతూ అదే మాట పైకి కూడా అరిచాడు.

"కాస్త మెల్లగా, అల్లుడుగారూ. ఇక్కడేమంటున్నారో వినబడటం లేదు" అంది అత్తగారు, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఫోన్లోంచి తలెత్తకుండానే.

ఆరుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ఈ వయసులో ఈ సీరియల్ పిచ్చి ఏమిటో అనుకుని ఊరుకున్నాడు.

పది నిమిషాలకి గానీ జవాబు రాలేదు. జల్లెడ ఎప్పుడూ అంతే. రెండు ముక్కలు రాయడానికి రాజుగారిలా తాత్సారం చేస్తాడు.

"వీడియో నెట్‌లో పెట్టింది పొద్దున. తీసింది ముందురోజు సాయంత్రం. నర్సు చేతి గడియారం చూడండి."

చూశాడు. అయిదుంబావు. పొద్దున ఆ వేళకి అక్కడ ఇంకా చీకటే. సాయంత్రమైతే నీడలు తూర్పుకి పడతాయి. అంటే తను వీధిని తలకిందులుగా చదివాడు. ఆసుపత్రి తను చూపించిన వైపు కాదు, రోడ్డుకి ఎదురువైపు. ఇరవై రెండేళ్ళుగా జనం హద్దుల తగువులు తీర్చినవాడు తూర్పునీ పడమరనీ కలిపేశాడు.

"ఏమైంది?" అంది భార్య.

"ఏం లేదు" అన్నాడు, వీధి బొమ్మని మళ్ళీ తెరుస్తూ.

ఎదురువైపు ఒకేలాంటి మేడలు రెండున్నాయి. ఆ వీధిలో ఓ టాక్సీ డ్రైవరు నిన్న తీసిన వీడియో దొరికింది. నాలుగున్నరకి గద్ద రాశాడు: "కుడివైపు మేడ మీద జేబురుమాళ్ళు ఆరేశారు, అది ఏదో ఆఫీసు. ఎడమదే ఆసుపత్రి."

ఈసారి జవాబు కాస్త తొందరగానే వచ్చింది. "అన్ని జేబురుమాళ్ళా? వీధి వీధంతా జలుబు చేసిందా? అవి పొత్తిగుడ్డలు."

భార్య అతని భుజం మీదుగా చదివి, మడతపెడుతున్న బట్టలు వదిలేసి మరీ నవ్వింది. "మీ కల్నల్‌గారికి పిల్లల సంగతి బాగానే తెలుసే."

సర్వేయరు రెండు వీడియోలూ మళ్ళీ తెరిచాడు. టాక్సీ వీడియోలో కుడివైపు మేడ గేటునీ, నర్సు వీడియోలో స్ట్రెచర్ వెనక తళుక్కుమన్న గేటునీ పక్కపక్కన పెట్టాడు. రెండింటికీ కింది కమ్మీ ఒకేచోట వంగి ఉంది.

"అమ్మకి ఆ ఛార్జరు ఇవ్వండి" అంది భార్య.

"లోకం తగలబడుతుంటే ఈవిడకి సీరియలొకటి" అని గొణుక్కుంటూ తీగ పీకి ఇచ్చాడు.

అయిదుకి పది నిమిషాలుందనగా గేట్ల బొమ్మలు పంపాడు. గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. ముల్లు కదులుతోంది గానీ ఫోను కదలడం లేదు. ఇంకో మూడు నిమిషాలే ఉన్నాయనగా వచ్చింది.

"ఒప్పుకున్నాను."

పరీక్ష పాసైన పిల్లాడిలా సర్వేయరు లేచి నిలబడ్డాడు.

గురువారం మధ్యాహ్నం సంస్థ నుంచి కబురు వచ్చింది. ఆ వీధి మీద గుండ్లు పడ్డాయి. గద్ద మొదట చూపించిన భవనం, లారీ విడిభాగాల గోడౌనట, నేలమట్టమైంది. ఎదురుగా ఆసుపత్రికి కిటికీ అద్దాలు మాత్రం పోయాయి. లోపల అందరూ క్షేమం. ఆ రోజే ఇద్దరు పుట్టారు కూడా.

సర్వేయరు అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. తను చెప్పిందే జాబితాకి ఎక్కి ఉంటే, సైన్యాలు ఇనప సామాన్ని జాగ్రత్తగా వదిలిపెట్టేవి.

"ఆయనకో మాట చెప్పండి" అంది భార్య మెల్లగా.

చెయ్యి కడుక్కుని వచ్చి రాశాడు. "అయ్యా, మిమ్మల్ని చాలా మాటలన్నాను. మీరు నా తప్పు పట్టకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే వణుకొస్తోంది. మీరెవరో అడగకూడదు, అడగను. ఎప్పుడైనా మా వైపు వస్తే మాత్రం మా ఇంట్లో భోంచేయకుండా వెళ్ళకూడదు."

పావుగంటకి జల్లెడ జవాబిచ్చింది: "ఆరేళ్ళుగా మీ ఇంట్లోనే భోంచేస్తున్నాను, అల్లుడుగారూ."