పేరు పెట్టి పిలవాలి

"దాని చెయ్యి నా ఒంటి మీద పడ్డానికి వీల్లేదు. పడిందా, ఇప్పుడే బల్ల దిగి ఇంటికి పోతా."

ముసలావిడ దిగే స్థితిలో లేదు. హెర్నియాలో పేగు చిక్కుకుని రెండ్రోజులైంది, కడుపు డోలులా ఉబ్బింది. ఒంట్లో ఓపిక లేకపోయినా నోటికి మాత్రం లోటు లేదు. ఆవిడ 'అది' అంటున్నది తలవైపు మత్తు మిషన్ పక్కన నించున్న డెల్మాని. సింబూ కొండల్లోని ఆ చిన్న ఆస్పత్రి మొత్తానికి డెల్మా ఒక్కతే మత్తు నర్సు. ఖర్మ కాలి ఆ ముసలావిడకి పెద్దకోడలు కూడా డెల్మాయే.

"డాక్టర్, సొంతవాళ్లకి మత్తివ్వకూడదు. నాకూ ఇష్టం లేదు," అంది డెల్మా. "గొరోకా పట్నం నుంచి ఇంకొకర్ని పిలిపించండి."

"కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. వాళ్లు రేపొస్తారు. పేగు రేపటిదాకా ఆగుతుందా?" డాక్టర్ మొరెయా సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. కొండవాళ్ల గొడవలంటే ఆయనకి ఒళ్లుమంట. "అత్తాకోడళ్ల పంచాయితీలు ఇంటిదగ్గర పెట్టుకోండి. ఇక్కడ నాకు టైము లేదు."

డెల్మా ముసలావిడ మొహం మీదికి వంగింది. "అత్తా, ఇంకెవరూ లేరు. నేనే మత్తివ్వాలి. నువ్వు ఒప్పుకోకపోతే సూది ముట్టుకోను. చెప్పు."

"చూడండి, చంపడానికి నన్నే పర్మిషన్ అడుగుతోంది," అంది ముసలావిడ. "సరే, కానీ. నాకేమన్నా అయితే బయట నా కొడుకులున్నారు."

కాగితం మీద వేలిముద్ర వేసి, కోడలి మొహం చూడకుండా కళ్లు మూసుకుంది.

ఆపరేషన్ గంటలోపే అయిపోయింది. పేగు బతికే ఉంది. డెల్మా మందులు ఆపింది. ఊపిరి బాగా అందుతోందని చూసుకుని గొంతులో గొట్టం తీసింది. ముసలావిడ దగ్గింది. అంతే, మళ్లీ ఉలుకూ లేదు పలుకూ లేదు.

పావుగంటైంది. ముసలావిడని మంచం మీదికి మార్చి పక్కగదిలో పరదా చాటుకి నెట్టారు, పరదా అవతల కొడుకులిద్దరూ కాచుకుని ఉన్నారు. "అత్తా, కళ్లు తెరువు. అత్తా, నా వేలు నొక్కు." ఊహూఁ.

"కురాగల్," అని ఆవిడ పేరు పెట్టి గట్టిగా పిలిచాడు డాక్టర్. నర్సు బెటీ కూడా పిలిచి భుజం తట్టింది. ముసలావిడ రెప్ప కదలలేదు.

అరగంటైంది. డాక్టర్ చేతులు తుడుచుకుంటూ డెల్మా వైపు తిరిగాడు. "ఎంత మందు ఎక్కించావ్?"

"బరువుకి తగ్గట్టే. చీటీలో రాశాను."

"చీటీ రాసింది నువ్వేగా. మీ ఇద్దరికీ పడదని ఆస్పత్రిలో చీపురు పట్టేవాళ్లకి కూడా తెలుసు. రేపు విచారణలో మొదట అడిగేది అదే. లైసెన్సు మీద ఆశ వదులుకో."

పరదా అవతల నుంచి చిన్నకొడుకు సివి అందుకున్నాడు. "లైసెన్సు తర్వాత. మా అమ్మ లేవకపోతే ఈ మనిషి గేటు దాటదు. అన్నా, చెప్పవేం?"

అన్న అంటే డెల్మా మొగుడు కెరెంగా. ఆ మహానుభావుడి చెప్పుల చప్పుడు పరదాకి ఇంకాస్త దూరం జరిగింది.

డెల్మా చీటీ తీసి మళ్లీ చదువుకుంది. మందు కొలిచింది తనే, రెండుసార్లు సరిచూసిందీ తనే. అయినా భయం పట్టుకుంది. నిజంగానే లెక్క తప్పానా? ఊపిరి బాగుంది, రంగు బాగుంది, నాడి కాస్త వడిగా కూడా కొట్టుకుంటోంది. మరి ఈవిడకేమైంది?

"నువ్వు పేరు పెట్టి పిలిచావా?" అన్నాడు డాక్టర్.

"అత్తా అని పిలుస్తూనే ఉన్నాగా."

"అత్తా అంటే దేశంలో సగంమంది పలుకుతారు. మత్తు ఫారం చదువుకోలేదా? మత్తిచ్చిన మనిషే రోగిని పేరు పెట్టి పిలవాలి. పలికితేనే మెలకువొచ్చినట్టు సంతకం. నేను పిలిస్తే చెల్లదు, బెటీ పిలిస్తే చెల్లదు."

"మాలో అత్త పేరు నోటితో అనకూడదు డాక్టర్. పేరు పలికిన కోడలు ఆ రోజే పుట్టింటికి పోవాలి. పిల్లలు మొగుడి ఇంట్లోనే ఉండిపోతారు. నాకిద్దరు."

"అయితే అలాగే చూస్తూ కూర్చో. ఆవిడ పోయాక ఆచారం పాటించానని జడ్జికి చెప్పుకో."

డెల్మా గడియారం చూసింది. చిన్నదానికింకా నాలుగేళ్లు. పొద్దున చిలగడదుంప కాల్చి పెట్టి, సాయంత్రం వచ్చేస్తానని చెప్పి వచ్చింది. మంచం మీద ముసలావిడ నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఎన్ని తిట్లు తిట్టిందో ఆ నోరు. అయినా మత్తిచ్చింది తను. లేపాల్సిందీ తనే. ఇల్లు పోతే ఎక్కడో తల దాచుకోవచ్చు, ఈ ప్రాణం పోతే తేలేం.

చెవి దగ్గరికి వంగింది.

"కురాగల్," అంది. ముసలావిడ కదలలేదు. ఈసారి పరదా అవతలికి వినపడేలా పిలిచింది. "కురాగల్, కళ్లు తెరువు."

ముసలావిడ టక్కున కళ్లు తెరిచింది.

డెల్మాకి ఏడుపాగలేదు. అత్త చెయ్యి రెండు చేతులతో పట్టేసుకుంది. "హమ్మయ్య, పలికింది. సంతకం పెట్టు," అన్నాడు డాక్టర్.

ముసలావిడ చెయ్యి విదిలించుకుని పరదా వైపు తల తిప్పింది.

"విన్నార్రా ఇద్దరూ? పిల్లల్ని ఇంట్లో ఉంచి దీన్ని పుట్టింట్లో దింపి రండి. గొట్టం తీసినప్పుడే నాకు మెలకువొచ్చింది, దీని నోట నా పేరు రాకపోతుందా అని ఇంతసేపూ ఓర్చుకుని కదలకుండా పడుకున్నా."