ఎక్కడ కొన్నారు?

“బాగానే పనిచేస్తోంది. ఎక్కడ కొన్నారు?” అన్నారు వైవాకి వచ్చిన ఎగ్జామినర్ గారు.

మా టెలికాం బ్రాంచిలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టంటే అందరూ హైదరాబాద్ షాపుల్లో కొనుక్కొచ్చేదే. విజయ్ పాల్, నేను మాత్రం నాలుగు నెలలు కూర్చుని సొంతంగా చేశాం. ధవళేశ్వరంలో గోదారి ఎంత పెరిగిందో రేడియోలో రాజమండ్రికి చెప్పే పెట్టె అది. సర్క్యూట్ నాది. సోల్డరింగ్ ఇద్దరిదీ.

నేను నోరు తెరిచేలోపే విజయ్ పాల్, “హైదరాబాద్‌లోనండి” అన్నాడు.

ఆయన ఇంకో ప్రశ్న వెయ్యకుండా సంతకం పెట్టేశారు.

వరండాలో నిలదీశాను.

“నిజం చెప్తే నమ్ముతాడా రూబీ? వంద ప్రశ్నలేసి చంపేవాడు. మార్కులొచ్చాయిగా, వదిలెయ్.”

భయపడ్డాడులే అనుకున్నాను. భయపడ్డవాణ్ణి ఎంతసేపని తిడతాం. వదిలేశాను.

జూన్‌లో సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్తే ఒక జూనియర్ అమ్మాయి ఎదురొచ్చింది. “అక్కా, మేమూ మీ ప్రాజెక్టే కొంటున్నామండి” అంటూ షాపు కార్డు చూపించింది.

కార్డు మీద మూత తీసిన మా పెట్టె ఫోటో. బోర్డు మూలన, తీగలు మారిపోకుండా నేను పెట్టుకున్న ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. కింద విజయ్ పాల్ ఫోన్ నంబరు.

“ఇది నీకెప్పుడిచ్చాడు?” అన్నాను.

“మీ వైవా ముందు రోజేనక్కా. రేపు ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడి చూడండి, ఒక్క ప్రశ్న కూడా అడగరు అన్నారు.”