డాక్టర్ గారు సరే అనాలి

పురిటినొప్పికి ట్వైలా మంచం కమ్మీ పట్టుకుని పళ్లు బిగించింది. నాడీన్ ఆమె నడుము రాస్తూ కూర్చుంది. మందు పక్కగది బీరువాలోనే ఉంది. వెన్నులో ఒక్క సూది పడితే ఈ బాధ సగానికి సగం తగ్గిపోతుంది. కానీ ఇవ్వడానికి లేదు.

ఇరవై ఏళ్లుగా నాడీన్ ఆ చిన్న ఆసుపత్రిలో మత్తు ఇచ్చే నర్సు. పైన డాక్టర్ ఉండక్కర్లేదని నెబ్రాస్కా రాష్ట్ర చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఆసుపత్రే ఒప్పుకోలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, డ్యూటీలో ఉన్న డాక్టర్ పేషెంటు దగ్గరుండి సరే అంటేగాని నాడీన్ సూది ముట్టకూడదని డాక్టర్ హావెల్కా మీటింగులో బల్ల గుద్ది మరీ రూలు పెట్టించారు.

ఆ హావెల్కా గారు ఇవాళ్టి నుంచి సెలవు. బదులు రావలసిన డాక్టర్ మంచుతుపానులో ఎక్కడో ఇరుక్కుపోయారు. పెద్దాసుపత్రికి పోదామంటే దారే కనబడడం లేదు.

మేనేజర్ లైల్ గుమ్మంలోకి వచ్చాడు. మీసానికి క్యాంటీన్‌లో తిన్న చిల్లీ కూర అంటుకుని ఉంది.

"ఒమాహా పెద్దాసుపత్రి డాక్టర్ ఫోన్లో సరే అన్నాడు లైల్."

"ఫోన్లో చెల్లదు నాడీన్ గారూ. దగ్గరుండాలి. రూలు నేను రాయలేదు."

"ఆ నొప్పులేవో నీకొస్తే తెలిసేది."

"సూదిచ్చారంటే మీ ఉద్యోగం పోతుంది."

పోతే పోనీ అనబోయి నాడీన్ ఆగిపోయింది. తను పోతే ఈ ఊళ్లో కాన్పులకు మత్తిచ్చే దిక్కే లేదు. అందుకే ఒళ్లు మండిపోతోంది.

మళ్లీ నొప్పి వచ్చింది. ట్వైలా కేకైనా పెట్టలేదు. అది చూడలేకపోయింది నాడీన్.

"ఆ హావెల్కా గారిని కడిగెయ్యాలనుంది తల్లీ."

"కడిగెయ్" అంది ట్వైలా చెమట తుడుచుకుంటూ. "నేనేం అనుకోను. ఇవాళ నేనూ ఓ చెయ్యి వేస్తాను."

"అంత చదువు చదివీ, నొప్పంటే ఏంటో తెలియని మనిషి."

"నిజమే. తెలియదు పాపం."

లైల్ గొంతు సవరించుకున్నాడు. "బిడ్డకైతే ప్రమాదం లేదు కదా. కాస్త ఓర్చుకుంటే..."

"ఆ మాట ఇంకోసారి అను" అంది నాడీన్, లేచి నిలబడి.

లైల్ రెండడుగులు వెనక్కి వేశాడు. "డాక్టర్ డ్యూటీలో ఉండాలి, పేషెంటు దగ్గరుండాలి, సరే అనాలి. అంతే కదండీ నేననేది. ఆ మూడూ జరిగితే మందు నేనే మోసుకొస్తాను."

ట్వైలా కమ్మీ వదిలి చెయ్యెత్తింది: "అయితే నా సెలవు రద్దుచేసి రాసుకో లైల్, డాక్టర్ ట్వైలా హావెల్కా డ్యూటీలో చేరింది, పేషెంటు దగ్గరే ఉంది, సరే అంటోంది."